గాయం ఒకటి చెబుతుంది, వెంట వచ్చినవాళ్లు ఇంకొకటి చెబుతారు. డాక్టరు ఏం చేయాలి?

ప్రశ్న: "పీహెచ్‌సీలో కొత్తగా చేరాను. నిన్న నాలుగు నెలల పాపను దగ్గు అని తీసుకొచ్చారు. చెవి మీద, దవడ మూల దగ్గర కమిలిన మచ్చలు కనిపించాయి. బొమ్మ తగిలిందని తల్లి, మంచం మీద నుంచి దొర్లిందని నానమ్మ చెప్పారు. ఇంట్లో రెండేళ్ల అన్న కూడా ఉన్నాడు. ఈ రోజు మళ్లీ రమ్మన్నాను. ఇలాంటప్పుడు అనుమానపడాలా? నా అనుమానం తప్పయితే ఒక కుటుంబాన్ని రోడ్డుకీడ్చినట్టు కాదా? అసలు ఎవరికి చెప్పాలి?"

సమాధానం:

ముందు పాప సంగతి. ఈ రోజు వస్తే ఆయింట్‌మెంట్ రాసి పంపేయకండి. పిల్లల డాక్టరు, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి రిఫర్ చేయండి. చీటీ చేతికిచ్చి వాళ్లే వెళ్తారులే అనుకోవద్దు. 108లో పంపండి, అక్కడి డ్యూటీ డాక్టరుతో మీరే ఫోన్‌లో మాట్లాడండి. మధ్యాహ్నం దాకా రాకపోతే ఏఎన్‌ఎంను పంపి పిలిపించండి. కింద రాసినదంతా ఆ పని అయ్యాక చదివినా చాలు.

ఇంత తొందర ఎందుకంటే, పాకడం రాని, పట్టుకుని నిలబడడం రాని పసిపిల్లకు తనంతట తాను ఒళ్లు కమిలేలా దెబ్బ తగిలించుకునే శక్తి ఉండదు. 1999లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో మామూలు చెకప్‌కు వచ్చిన పిల్లల ఒళ్లు పరీక్షించారు. ఆరు నెలల లోపు 366 మందిలో కమిలిన మచ్చ ఉన్నది ఇద్దరికే. నడక మొదలుపెట్టిన పిల్లల్లో మాత్రం అవి మామూలు. వాళ్లకు మోకాళ్లు, మోకాలి కింద ఎముక, నుదురు, అంటే పడితే నేలకు తగిలే చోట్లు కమిలిపోతాయి. చెవి అలా నేలకు తగిలే చోటు కాదు, దవడ మూలా కాదు.

పిల్లల ఎమర్జెన్సీలో ఇప్పుడు చాలామంది వాడే 'టెన్-ఫోర్ ఫేసెస్-పీ' అనే నియమం ఒకటి ఉంది. మొదట 2010లో వచ్చింది, 2021లో దాన్ని పెద్ద సంఖ్యలో పిల్లల మీద పరీక్షించి విస్తరించారు. నాలుగేళ్ల లోపు పిల్లల్లో మొండెం, చెవులు, మెడ మీద కమిలితే ఆగి చూడాలి. నోట్లో పెదవినీ చిగురునూ కలిపే సన్నని పొర చిరగడం, దవడ మూల, బుగ్గ మెత్తని భాగం, కనురెప్ప, కంటి తెల్లగుడ్డులో రక్తం, ఏదో వస్తువు అచ్చు పడినట్టున్న మచ్చ కూడా ఇందులోకే వస్తాయి. నాలుగు నెలలు, అంతకు లోపు వయసుకైతే ఒంటి మీద ఎక్కడ కమిలినా ఆగాల్సిందే. మీ పాప ఇందులో మూడు రకాలుగా పడుతోంది: వయసు, చెవి, దవడ.

ఆ 2021 అధ్యయనంలోనే ఇంకో అంకె ఉంది. మీ రెండో ప్రశ్నకు జవాబు అందులో దొరుకుతుంది. ఈ నియమం హింసకు గురైన పిల్లల్లో 95 శాతం మందిని పట్టింది. నిజంగా ప్రమాదం వల్లే కమిలిన పిల్లల్లో కూడా 13 శాతం మందిని పట్టింది. అంటే ఇది తీర్పు చెప్పే సాధనం కాదు, మరింత లోతుగా చూడాలని చెప్పే సాధనం. మన పని కూడా అంతవరకే. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని తేల్చడం పోలీసుల పని, కోర్టు పని. మనం తేల్చాల్సింది ఒక్కటే: ఈ వయసు పిల్లకు, ఈ చోట, ఈ గాయం వాళ్లు చెప్పిన కారణంతో రావడానికి వీలుందా లేదా? ఇది పూర్తిగా వైద్యానికి సంబంధించిన ప్రశ్న. తల్లి మంచిదా, తండ్రి తాగుతాడా, చూస్తే మర్యాదస్తుల్లా ఉన్నారే అన్నవి ఈ ప్రశ్నకు జవాబులు కావు. చదువుకున్నవాళ్లు, కార్లో వచ్చినవాళ్లు అయితే మనం అడగాల్సిన నాలుగు ప్రశ్నలు అడక్కుండా వదిలేస్తాం. కూలీలైతే అడక్కుండానే అనుమానిస్తాం. రెండూ జరుగుతూనే ఉంటాయి.

'సరిపోతుందా' అని చూడాలంటే ఏ వయసుకు ఏం వస్తుందో వేళ్ల మీద ఉండాలి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య బోర్లా పడడం, ఆరేడు నెలలకు కూర్చోవడం, తొమ్మిదీ పది నెలలకు పాకడం, ఏడాది అటూఇటూగా నడవడం. మంచం మీద నుంచి దొర్లిందంటే, దొర్లడం వచ్చా అని అడగండి. అడిగి ఊరుకోకుండా టేబుల్ మీద పడుకోబెట్టి చూడండి. మంచం ఎంత ఎత్తు, కింద గచ్చా, మట్టి నేలా, చాపా, పడినప్పుడు చూసినదెవరు, వెంటనే ఏడ్చిందా అని కూడా అడగండి. అంత ఎత్తు నుంచి పడితే నుదుటి మీద బొప్పి కట్టొచ్చు, ఒక్కోసారి పుర్రె ఎముక సన్నగా చిట్లొచ్చు కూడా. చెవికి రెండు వైపులా కమిలి, దవడ కింద వేళ్ల గుర్తులు పడడం మాత్రం ఒక్క పడడంతో కుదరదు.

తల్లీ నానమ్మా చెరొక మాట చెప్పారని రాశారు. అది రాసి పెట్టుకోవలసిన విషయమే, కానీ దాని మీదే కేసు కట్టకండి. ఉమ్మడి ఇళ్లలో పాప పది చేతులు మారుతుంది. ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు చెప్పి ఉండొచ్చు. పట్టించుకోవాల్సింది ఏమిటంటే, ఒకే మనిషి చెప్పే మాట గంట గంటకూ మారడం, మనం ఒక ప్రశ్న వేయగానే దానికి తగ్గట్టు కొత్త వివరం పుట్టుకురావడం.

పుస్తకాల్లో ఆలస్యంగా తీసుకురావడం కూడా ఒక గుర్తు అని రాసి ఉంటుంది. దాన్ని మన దగ్గర ఉన్నదున్నట్టు వాడొద్దు. కూలి పోతుందని, బస్సు లేదని, ముందు ఊళ్లో ఆర్‌ఎంపీకి చూపించామని మూడు రోజులు ఆలస్యమయ్యే కుటుంబాలే మన ఓపీలో ఎక్కువ. ఆర్‌ఎంపీకి చూపించామంటే ఆయనకే ఫోన్ చేసి ఏ రోజు, ఏం చూశారని అడగండి. ఆ మాటతో ఇంటివాళ్ల మాట కలిస్తే ఆలస్యాన్ని పక్కన పెట్టేయొచ్చు.

ఇక ఒళ్లు చూడడం. మన ఓపీ రద్దీలో పిల్లల బట్టలు విప్పేవాళ్లు తక్కువ. చొక్కా పైకెత్తి స్టెతస్కోప్ పెట్టి దించేస్తాం. వీపు, పిరుదులు, తొడల లోపలి వైపు, అరికాళ్లు, చెవి వెనక, నోటి లోపల ఎవరూ చూడరు. బరువు తూచడం అనేది దేవుడిచ్చిన సాకు. "బట్టల్లేకుండా తూస్తేనే మందు మోతాదు సరిగ్గా వస్తుంది" అంటే ఎవరూ కాదనరు, ఆ మాట నిజం కూడా. ఈ అలవాటు సిస్టర్‌కు నేర్పితే మీకన్నా ముందు ఆమే పట్టుకుంటుంది. మన పిల్లల చర్మం రంగు మీద కమిలిన మచ్చ తేలిగ్గా కనపడదు. కిటికీ వెలుగులోకి తీసుకెళ్లి చూడాలి, చేత్తో తడిమి వాపు, నొప్పి ఉన్నాయేమో చూడాలి. మచ్చ రంగు చూసి 'ఇది రెండు రోజుల నాటిది, అది వారం నాటిది' అని మాత్రం రాయకండి. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు అని పాత పుస్తకాల్లో ఉన్న లెక్క నిలబడదని పరిశోధనల్లో తేలింది. కోర్టులో డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

కాలిన గాయాల గురించి కొంచెం వివరంగా రాస్తాను, మన దగ్గర ఎక్కువగా చూసేవి ఇవే కాబట్టి. వేడి నీళ్లో, టీయో, సాంబారో మీద ఒలికితే గాయం పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నగా, పైపైన ఉంటుంది. అక్కడక్కడా చిమ్మిన చుక్కలు ఉంటాయి. పిల్లను పట్టుకుని నీళ్లలో ముంచితే మేజోళ్లు తొడిగినట్టు రెండు కాళ్లకూ ఒకే ఎత్తులో గీత గీసినట్టు అంచు వస్తుంది. చిమ్మిన చుక్కలు ఉండవు. కాళ్లు ముడుచుకుంటారు కాబట్టి మోకాలి మడతలో చర్మం బాగానే ఉంటుంది. పసిపిల్లలకు కాళ్ల మీద వేసుకుని స్నానం చేయించే ఇళ్లలో పెద్దవాళ్లు నీళ్ల వేడి అంచనా తప్పి కాల్చడం కూడా ఉంది. అప్పుడు గాయం వీపు మీద, ఒలికిన తీరులో ఉంటుంది. చెప్పేవాళ్లు కూడా ఏడుస్తూ, ఉన్నదున్నట్టు చెబుతారు. సిగరెట్ మచ్చ గుండ్రంగా, ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్లు, అంచు స్పష్టంగా, లోతుగా ఉంటుంది. చీము పొక్కులు ఆరిపోయినప్పుడు అచ్చం అలాగే కనిపిస్తాయి కాబట్టి పక్కన కొత్త పొక్కులున్నాయేమో చూడండి. గరిట, అట్లకాడ వాత తొడల మీదో పిరుదుల మీదో, అంటే బట్ట కింద దాగే చోట ఉంటే, పక్క తడుపుతున్నాడా అని నెమ్మదిగా అడగండి. ఒకటి నుంచి నాలుగేళ్ల మధ్య పిల్లలు దెబ్బలు తినడానికి మలమూత్రాల గొడవ ఒక పెద్ద కారణం.

వైద్యం పేరుతో పెట్టే వాతలు వేరే సంగతి. పసిరికలనో, ఫిట్సనో, కడుపుబ్బరమనో కడుపు మీద వరసగా చురకలు పెట్టించడం ఇంకా పోలేదు. ఇంటివాళ్లు దాచరు, అడిగితే ఎవరు పెట్టారో కూడా చెబుతారు. వాళ్లకు పిల్ల మీద ద్వేషం లేదు. నవజాత శిశువుకు మాత్రం అది కాలిన గాయమే, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే ప్రాణం పోతుంది. నేనైతే తల్లిని తిట్టను, కేసు షీట్లో దాచను, పెట్టినవాడి సంగతి అధికారులకు తెలియకుండా ఉంచను. ఆ తల్లి రేపు ఇంకో పిల్లకు జ్వరమొస్తే మన దగ్గరకు రావాలి, వాడు రేపు ఇంకో ఇంట్లో వాత పెట్టకూడదు. నల్లజీడి రసం తగిలినా చర్మం పొక్కి, నల్లబడి కాలినట్టే ఉంటుంది. దాన్నీ గుర్తుంచుకోండి.

ఇంకా కొన్ని మోసం చేసేవి ఉన్నాయి. మన పిల్లల్లో చాలామందికి నడుము కింద, పిరుదుల మీద పుట్టుకతోనే నీలం బూడిద రంగు మచ్చలుంటాయి. నొక్కితే నొప్పి ఉండదు, రెండు వారాల తర్వాత చూసినా రంగు మారదు. కమిలిన మచ్చ అయితే మారిపోతుంది. ఐటీపీ (ప్లేట్‌లెట్లు తగ్గే జబ్బు), హీమోఫీలియా (రక్తం గడ్డకట్టని జబ్బు), పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ పడని పిల్లల్లో రక్తస్రావం, ఎముకలు పెళుసుగా పుట్టడం, రికెట్స్ కూడా ఉండొచ్చు. అందుకే రిఫర్ చేసిన చోట సీబీసీ, ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు చూసే పీటీ, ఏపీటీటీ, ఎముకల కోసం కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చేయించాలి. ఇంట్లో కాన్పయిన పాపకు విటమిన్ కె అందిందో లేదో మీ ఏఎన్‌ఎం రిజిస్టర్‌లో ఉంటుంది. ఆ ఒక్క ముక్క మీ రిఫరల్ చీటీలో రాస్తే పై డాక్టరుకు ఎంతో మేలు.

రెండేళ్ల లోపు పిల్లలో అనుమానం ఉంటే ఒళ్లంతా ఎక్స్‌రేలు తీయాలి. పిల్లను ఒక్క పెద్ద ఫిల్మ్ మీద పడుకోబెట్టి 'బేబీగ్రామ్' తీస్తే సన్నని చిట్లులు కనపడవు. చేతులు, కాళ్లు, పక్కటెముకలు, పుర్రె, వెన్నెముక విడివిడిగా తీయించాలి. వెనక వైపు పక్కటెముకలు విరగడం, పొడుగు ఎముకల చివర్లో మూలలు ఊడినట్టు ఉండడం పసిపిల్లల్లో పడిపోవడం వల్ల వచ్చేవి కావు. కొత్త పక్కటెముక విరుపు మొదటి రోజు కనపడకపోవచ్చు. ఎముక అతుక్కోవడం మొదలయ్యాకే తేలుతుంది, అందుకే రెండు వారాలకు మళ్లీ తీయాలి. నిజానికి ఈ విషయాన్ని మొదట పట్టింది ఎక్స్‌రే డాక్టర్లే. 1946లో జాన్ కాఫీ మెదడు చుట్టూ రక్తం చేరిన ఆరుగురు పసిపిల్లల్లో కాళ్లూ చేతుల ఎముకలు కూడా ఎందుకు విరిగి ఉన్నాయో అర్థం కావడం లేదని రాశారు. హెన్రీ కెంప్, ఆయన సహచరులు 1962లో దానికి పేరు పెట్టేదాకా వైద్యులు ఆ మాట బయటికి అనలేకపోయారు. సొంత తల్లిదండ్రులు ఇలా చేస్తారా అన్న మొహమాటమే అందుకు పెద్ద అడ్డంకి. ఆ మొహమాటం మనకింకా ఉంది.

తప్పుగా అనుమానిస్తే ఎలా అని మీరడిగారు. రెండు వైపులా జరిగినవి చెబుతాను. 1987లో ఇంగ్లండ్‌లోని క్లీవ్‌లాండ్‌లో కొద్ది నెలల వ్యవధిలో 121 మంది పిల్లలు లైంగిక హింసకు గురయ్యారని ఆసుపత్రిలో నిర్ధారించారు. ఒకే ఒక శారీరక గుర్తు మీద అతిగా ఆధారపడ్డారని విమర్శ వచ్చింది, చాలామంది పిల్లలు మళ్లీ ఇళ్లకు వెళ్లారు, న్యాయ విచారణ జరిగింది. ఒక్క గుర్తును పట్టుకుని తీర్పిస్తే జరిగేది అది.

ఇంకో వైపు చూడండి. 1999 జూలైలో లండన్‌లో ఏడేళ్ల విక్టోరియా క్లింబియేను, ఆమెను చూసుకునే ఆయా కుటుంబం గాయాలు చూసి ఆసుపత్రికి తెచ్చింది. మొదట చూసిన డాక్టరు హింసేనని అనుమానించారు. తర్వాత సీనియర్ వచ్చి గజ్జి అన్నారు. పాపను బంధువు వెంట ఇంటికి పంపేశారు. పది రోజులకు ముఖం, తల కాలిపోయి ఇంకో ఆసుపత్రికి వచ్చింది. గజ్జి దురదకు తనే వేడినీళ్లు పోసుకుందని ఆ బంధువు చెప్పింది! 2000 ఫిబ్రవరిలో ఆ పిల్ల చనిపోయింది. పోస్టుమార్టంలో 128 గాయాలు లెక్కపెట్టారు. నాకు ఇందులో భయం వేసేది గజ్జి అన్న మాట కాదు, ఎవరైనా పొరబడొచ్చు. సీనియర్ ఒక జబ్బు పేరు రాయగానే అందరూ ఆ ప్రశ్నను మూసేశారు. అందుకే ఎవరు ఏం అన్నా, మీరు చూసినది మీ చేతిరాతలో కేసు షీట్లో ఉండాలి.

మన దేశంలో 2012 జనవరి 18న ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా సెంటర్‌కు రెండేళ్ల పాపను తీసుకొచ్చిన సంఘటన మీకు గుర్తుండే ఉంటుంది. పత్రికలు ఫలక్ అని రాశాయి. మంచం మీద నుంచి పడిందని చెప్పారు. తలకు తీవ్రగాయం, విరిగిన చేతులు, ఒళ్లంతా మనిషి కొరికిన గుర్తులు. తీసుకొచ్చింది పదిహేనేళ్ల అమ్మాయి, తనే తల్లినంది. డాక్టర్లు ఆ మాట నమ్మి ఊరుకోలేదు కాబట్టే ఆ అమ్మాయి తల్లి కాదని, ఆమెనే పెద్దవాళ్లు వాడుకుంటున్నారని బయటపడింది. పాప మార్చి 15న చనిపోయింది. వెంట వచ్చినవాళ్లు కూడా రక్షణ కావలసిన పిల్లలే కావచ్చని ఆ కేసు చూశాకే చాలామందికి తట్టింది. అన్నట్టు, కొరికిన గుర్తు ఉంటే రెండు కోరపళ్ల గుర్తుల మధ్య దూరం కొలవండి. మూడు సెంటీమీటర్లు దాటితే పెద్దవాళ్లదే అయ్యుంటుంది. 'అన్న కొరికాడు' అన్న మాట నిజమో కాదో అక్కడ తేలుతుంది.

"మన ఇళ్లలో దెబ్బ మామూలే కదా సార్" అని హౌస్ సర్జన్లు అంటుంటారు. మామూలే. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అంతమందికి ఎమ్మెల్సీ, అంటే పోలీసులకు తెలియజేసే మెడికో-లీగల్ కేసు, చేయమని నేనూ అనను. గుర్తు మిగిలేంత దెబ్బ, బెల్టు, వైరు, గరిట లాంటి వస్తువుతో కొట్టిన దెబ్బ, తలకో ముఖానికో తగిలిన దెబ్బ, నడక రాని పిల్లకు తగిలిన ఏ దెబ్బైనా నా దృష్టిలో వైద్యుడు పట్టించుకోవాల్సినవి. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లు దీన్ని ఇంకా జాగ్రత్తగా వినాలి. పిల్లల్ని కొట్టడాన్ని నార్వే 1987లోనే నిషేధించింది. 2012 డిసెంబరులో ఓస్లో కోర్టు కొడుకును హింసించారన్న కేసులో ఒక తెలుగు దంపతులకు జైలు శిక్ష వేసింది.

దెబ్బ కనపడని హింస గురించి తక్కువే రాస్తాను, కానీ ఓపీలో అదే ఎక్కువ. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) తెరిచి బరువు గీత చూడండి. ఎన్‌ఆర్‌సీలో (పోషకాహార పునరావాస కేంద్రంలో) ఉన్నన్నాళ్లూ బరువు పెరిగి, ఇంటికెళ్లగానే దిగిపోతుంటే ఇంట్లో ఏదో ఉంది. అది బియ్యం లేకపోవడం కావచ్చు, తల్లికి కాన్పు తర్వాతి డిప్రెషన్ కావచ్చు, ఆడపిల్ల అన్న చిన్నచూపు కావచ్చు. పక్కనున్న మగపిల్లాడు బొద్దుగా ఉండి ఈ పిల్ల ఎముకల గూడులా ఉంటే మూడోది అనుకోవాల్సిందే. పేదరికాన్ని నిర్లక్ష్యం అని రాయకండి. ఇన్సులిన్ వేయడం లేదని తల్లిని నిలదీసే ముందు మీ ఫార్మసీలో ఇన్సులిన్ స్టాక్ ఉందా, ఇంట్లో దాన్ని చల్లగా పెట్టుకునే వీలుందా చూడండి. సాయం అందుబాటులో ఉండి, చెప్పి, చూపించి, ఇచ్చిన తర్వాత కూడా పిల్ల బాధపడుతుంటే అప్పుడు ఆ మాట రాయొచ్చు.

పిల్లల ప్రవర్తన కూడా చూడాలి. సూది వేసినా ఏడవకుండా, తల్లి వైపు చేతులు చాపకుండా, గదిలో ఎవరు కదిలితే వాళ్లనే కళ్లతో వెంబడించే పిల్లలు కనిపిస్తారు. దీన్ని మాత్రం ఒంటరిగా లెక్కలోకి తీసుకోవద్దు. తెల్లకోటు చూస్తేనే బిగుసుకుపోయే పిల్లలు చాలామంది. వినపడని, మాట రాని, ఎదుగుదల లోపమున్న పిల్లల దగ్గర రెట్టింపు జాగ్రత్త కావాలి. వాళ్ల మీద హింస ఎక్కువ, చెప్పుకునే నోరు తక్కువ.

లైంగిక హింస విషయంలో మొదట తెలుసుకోవాల్సింది, చాలామంది పిల్లల్లో శరీరం మీద ఏ గుర్తూ ఉండదు. పరీక్ష నార్మల్ అంటే ఏమీ జరగలేదని కాదు. 'జరిగిన ఆనవాళ్లు లేవు' అని రాసి ముగిస్తే కేసును మనమే చంపినట్టు. మన దగ్గరకు వచ్చేది కడుపునొప్పి, మూత్రంలో మంట, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ట్యూషన్‌కో ఒకరింటికో పోనని మొండికేయడం లాంటి వాటితోనే. పెద్దమనిషి కాని పిల్లకు సుఖవ్యాధి ఉంటే అది పెద్ద గుర్తు. రెండువేళ్ల పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2013లో, 2022లో స్పష్టంగా చెప్పింది, ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల్లోనూ ఉంది.

పిల్లను అడగాల్సి వస్తే వెంట వచ్చినవాళ్లను ఓపీ చీటీ రాయించుకు రమ్మని పంపి, సిస్టర్ ఉండగా అడగండి. "ఇది ఎట్లా అయింది నాన్నా?", "తర్వాత ఏమైంది?" అంతే. "నాన్న కొట్టాడా?", "మావయ్య ఏమైనా చేశాడా?" అని పేరు మనం అందించకూడదు. "ఎవరికీ చెప్పనులే" అని మాట ఇవ్వకూడదు, ఆ మాట నిలబెట్టుకోలేం. చెప్పించినదే నలుగురి చేత మళ్లీ మళ్లీ చెప్పించకూడదు. పిల్ల ఏ మాట అంటే ఆ మాటే, యాసతో సహా, కొటేషన్‌లో రాయండి.

చట్టం సంగతికొస్తే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందని అనిపించినా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ అధిపతికైతే ఏడాది దాకా. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. ఎఫ్‌ఐఆర్ వచ్చేదాకా చికిత్స ఆపడానికి వీల్లేదు, పోలీసు లెటర్ అడగనక్కర్లేదు. ప్రైవేటు ఆసుపత్రైనా ఉచితంగా చూడాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలవ్వాలి కాబట్టి కాగితాలకన్నా అవి ముందు. ఆడపిల్లను లేడీ డాక్టరే పరీక్షించాలి, పిల్లకు నమ్మకమున్న మనిషి పక్కన ఉండాలి. పన్నెండేళ్లు దాటిన పిల్ల సమ్మతి ఆ పిల్ల నుంచే తీసుకోవాలి.

పీహెచ్‌సీలో మీకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది పదిహేడేళ్ల గర్భిణి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. 18 నిండని అమ్మాయితో శారీరక సంబంధం చట్టం దృష్టిలో లైంగిక నేరమే, 2017 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పెళ్లయిందన్నది అందులో మినహాయింపు కాదు. చెబితే భర్త జైలుకు పోతాడు, చెప్పకపోతే మీరు చిక్కుల్లో పడతారు, భయపెడితే ఆ అమ్మాయి ఆసుపత్రికే రాకుండా ఇంట్లో కాన్పవుతుంది. రిపోర్టు చేయక తప్పదని ముందే, మర్యాదగా, ఎందుకో వివరించి చెప్పండి. చికిత్సకూ దానికీ సంబంధం లేదని, బీపీ, రక్తం చూడడం ఆగదని కూడా అదే వాక్యంలో చెప్పండి. గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే రిపోర్టులో పేరు, గుర్తింపు రాయనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు తెలియక చాలామంది డాక్టర్లు అమ్మాయిలను వెనక్కి పంపేస్తున్నారు.

దెబ్బల విషయంలో పోక్సోలో ఉన్నంత సూటి నిబంధన కనపడకపోయినా, దారి మూసుకుపోలేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ పిల్లల మీద క్రూరత్వాన్ని నేరమంటుంది. అనుమానమున్న గాయానికి ఎమ్మెల్సీ చేసి పోలీసుకు ఇంటిమేషన్ పంపడం మన మామూలు పనే. పిల్ల భద్రత గురించి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా జిల్లా బాలల సంరక్షణ విభాగానికి, బాలల సంక్షేమ కమిటీకి చెప్పండి. తల్లి కూడా దెబ్బలు తింటున్నట్టుంటే, ఆమెను విడిగా అడిగి మహిళల హెల్ప్‌లైన్ 181, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రం గురించి చెప్పండి. హైదరాబాద్‌లో అయితే 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. సర్పంచ్‌ను పిలిపించి పెద్దమనుషుల్లో రాజీ చేయించడం మాత్రం వద్దు. మీరే ఆ ఇంటికి వెళ్లి ఆరా తీయడమూ వద్దు. ఆ ఊళ్లో మీరు రేపు కూడా పనిచేయాలి. నిర్ణయం మీ ఒక్కరి పేరు మీద లేకుండా పై ఆసుపత్రి పిల్లల డాక్టరుతో, మీ పై అధికారి డిప్యూటీ డీఎంహెచ్‌ఓతో మాట్లాడి, మాట్లాడిన టైముతో సహా రాసుకోండి.

కేసు షీట్లో 'చైల్డ్ అబ్యూజ్' అని తీర్పు రాయొద్దు. ఎవరు తీసుకొచ్చారు, ఎవరు ఏ మాట అన్నారు, గాయం ఏ చోట, ఎన్ని సెంటీమీటర్లు, ఏ ఆకారం అన్నవి రాసి, ఒక బొమ్మ గీసి గుర్తు పెట్టండి. చివర్లో 'చెప్పిన కారణంతో ఈ గాయం సరిపోవడం లేదు, పూర్తి పరీక్షలు కావాలి' అని రాయండి. ఫోటో తీస్తే పక్కన స్కేలు పెట్టి ఆసుపత్రి రికార్డు కోసమే తీయండి. వాట్సాప్ గ్రూపులో సలహా కోసం పెట్టకండి, పిల్ల గుర్తింపు బయటపెట్టడం నేరం.

తల్లితో ఏమనాలో తోచకపోతే ఇలా అనండి: "అమ్మా, ఈ వయసు పాపకు ఇక్కడ ఇలా కమలడం మామూలుగా జరగదు. రక్తంలో తేడా ఉండొచ్చు, లోపల దెబ్బ ఉండొచ్చు, ఎవరివల్లనైనా తగిలి ఉండొచ్చు. ఏదైనా సరే చూడకుండా ఇంటికి పంపలేను." ఇందులో అబద్ధం లేదు, నింద లేదు. ఆమె వెంటనే ఏడవొచ్చు, లేదా అత్తగారు బయటికెళ్లేదాకా ఆగి ఏదో చెప్పొచ్చు. వినండి, రాయండి.

పై ఆసుపత్రికి వెళ్లి సగంలో, సంతకం పెట్టి వెళ్లిపోతే మీకు చెప్పమని అక్కడి డాక్టరును ఇప్పుడే అడగండి. అలా జరిగితే ఆ రోజే 1098కి, పోలీసుకు చెప్పాలి. ఇంకొకటి, రెండేళ్ల అన్న ఉన్నాడన్నారు. బొమ్మ తగిలిందన్న తల్లి మాట ప్రకారం నేరం అతని మీదకే వెళ్లొచ్చు, బొమ్మ విసిరాడని. ఈ రోజు పాపతో పాటు అతన్నీ రప్పించండి, బరువు తూచే సాకుతోనే చొక్కా నిక్కరు విప్పించి చూడండి.